ఉప్పు దొన్నె ఖాళీ అయిన రోజు

ఆ రోజు సాక్షింట్లో ఆరుగురు ఉన్నారు. నేల కింద ఉన్నవాడిని కూడా కలుపుకుంటే ఏడుగురు. వాడిని మనుషుల్లో కలపాలా వద్దా అన్నది మాత్రం ఆ ఇంట్లో నూరేళ్లుగా ఎవరూ తేల్చని సంగతి.

మొదట మంగాయవ్వ. ఎనభై దాటిన మనిషి, ఆ ఇంటికి పెద్ద. తర్వాత ఆమె మనవరాలు కురంగి. పదహారేళ్లది, కొత్తవాళ్ల ముందు గొంతు పెగలనిది. వంటింట్లో పుల్లమ్మత్త. ఆ ఇంటికి వండిపెట్టేదీ ఆవిడే, పడవ నడిపేదీ ఆవిడే. ఆ రెండు పనుల మధ్య నోరు మూసుకున్న క్షణం ఒక్కటీ లేదు.

నడిమింట్లో రాతిగద్దె చుట్టూ ముగ్గురు రాయబారులు. తామ్రకోట సేనాని వీరకంపనుడు, చెంప మీద పాత కత్తిగాటు ఉన్నవాడు, పడవ దిగినప్పటి నుంచి ఒక్క మాటా ఆడలేదు. శంఖద్వీపం నుంచి వచ్చిన రత్నాకరుడు పది వేళ్లకూ ఉంగరాలు పెట్టుకుని, మెట్లెక్కుతూనే "ఇవాళ భోజనాలు ఏ వేళకి?" అని అడిగాడు. ఇక ముందురోజు సాయంత్రమే వచ్చి దిగిన మేఘవాటి వృద్ధమంత్రి సుధర్ముడు. తెల్లటి గడ్డం, చల్లటి చూపు. ఉదయం కాళ్లు కడుక్కోవడానికి కురంగి నీళ్లు తెస్తే చెంబు తానే అందుకుని, "నీ పేరేమిటి తల్లీ?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

కురంగి చెప్పాలనే అనుకుంది. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"దానికి సిగ్గు బాబుగారూ!" అని కేకేసింది పుల్లమ్మత్త వంటింట్లోంచి. "మీరు పడవెక్కి వెళ్లిపోయాక చెబుతుంది లెండి, మీ వీపుకి!"

సుధర్ముడు నవ్వాడు. అయినా మరో రెండుసార్లు అదే ప్రశ్న అడిగాడు. ముసలివాళ్లకి అడిగిందే అడిగే అలవాటు ఉంటుంది కదా అనుకుని, కురంగి తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది.

మూడు రాజ్యాలు ఒకదానికొకటి ఎదురుపడే చోట త్రిధార నది నడుమ ఉంది సాక్షిలంక. ఉత్తరాన మేఘవాటి కొండలు నీలం చీరలు ఆరేసినట్టు వరసలు తీరి ఉంటాయి. తూర్పున తామ్రకోట గుట్టలు, ఎర్రటి మట్టి, రాగి కరిగించే కొలుముల పొగ. పడమట శంఖద్వీపం ఓడల తెరచాపలు, సముద్రపు గాలి. లంక మధ్యలో నల్లరాతి గుండ్రటి ఇల్లు. దానికి మూడు పెద్ద వాకిళ్లు, ఒక్కొక్కటి ఒక్కో రాజ్యం వైపు. మూడింటికీ రాగి గడపలు. లోపల గోడల నిండా పదిహేడు రాగిరేకులు, అద్దంలా తోమినవి, గంటల్లా వేలాడుతూ ఉంటాయి. ఏ రేకు మీది మాటలు చదివితే ఆ రేకు సన్నగా మోగుతుంది. చదివేవాళ్లు ఎంత దూరాన ఉన్నా మోగుతుంది.

ఆ వేళ మాత్రం మూడు ఒడ్ల మీదా మూడు సేనలు బారులు తీరి ఉన్నాయి. ఏనుగులు కదలడం లేదు. జెండాలు ఎగరడం లేదు. రోజూ లంక చుట్టూ మూగే తెల్లకొంగల్లో ఒక్కటీ రాలేదు. నది ఆగిపోయినట్టు, నూనె పోసినట్టు ఉంది.

పన్నెండేళ్లకొకసారి ఆ రేకులు మొదటి నుంచి చివరి దాకా చదవాలి. అవి మూడు రాజ్యాల సంధులు. అవి లోకాన్ని ఎంత మార్చాయో మంగాయవ్వ కురంగికి ఉయ్యాల్లోనే చెప్పింది. దూతని చంపరాదు అనేది మొదటి రేకు. అది పుట్టక ముందు వార్త తెచ్చినవాడి తల బుట్టలో తిరిగి వెళ్లేది. అది పుట్టాక ఏడు సముద్రాల అవతలి రాజులు కూడా దాన్ని చూసి రాసుకున్నారు, వర్తకులు కత్తి లేకుండా దేశాలు దాటారు. నదికి అడ్డుకట్ట వేసి దిగువవాళ్లని ఎండగట్టరాదు అని మూడోది. యుద్ధంలో పడిపోయినవాడు ఎవరివాడైనా నీళ్లివ్వాలి, కట్టు కట్టాలి అని ఎనిమిదోది. విషపు పొగ వాడరాదు అని పన్నెండోది.

పదహారోదాన్ని మోకాళ్ల సంధి అంటారు. ఓడిపోయిన తామ్రకోట రాజుని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అతని కొడుకు చూస్తుండగా రాయించారు. దాని మీద తడి ఆరిందో లేదో, ఇరవై ఏళ్లలో మళ్లీ యుద్ధం వచ్చింది. అంతకు ముందు జరిగినవన్నీ దాని ముందు పిల్లలాటలు. ధూమకర్ణుడనే మాంత్రికుడు మూడు రాజ్యాల కొలువుల్లోనూ ఉప్పు తిని, ఒకరి మాట ఒకరికి మోసి ఆ మంట రాజేశాడు. చివరికి ముగ్గురు రాజులూ కలిసి వాడిని పట్టి, ఇదే ఇంటి నేల కింద బంధించి, పదిహేడో రేకు రాశారు. వాడిని ఆపి ఉంచింది గోడ కాదు, ఆ రేకే.

అందుకే చదువుకి అన్ని కట్టుబాట్లు. మొదలుపెడితే గొంతు ఆగకూడదు. ఒకరు అలసిపోతే ఆ ఇంటి మనిషి ఇంకొకరు అందుకోవచ్చు గానీ, చదివే నోట నడుమ వేరే మాట రాకూడదు. ఆగిందా, పదిహేడు సంధులూ రద్దు. రాయబారులు ముగ్గురూ, గోడ మీంచి గద్దె మీదికి దించిన పదిహేడో రేకు మీద కుడిచెయ్యి ఉంచి కూర్చోవాలి, చివరి మాట దాకా తీయకూడదు. ఆ మూడు రాగి గడపల్లో ఏ ఒక్కటీ ఎవరూ దాటకూడదు. దాటితే ఆ రాజ్యం యుద్ధం కోరినట్టే. ఒడ్ల మీది సేనలు చూస్తున్నది అందుకే.

"సాయంకాలం దాకా ఇలాగే కూర్చోవాలా?" అన్నాడు రత్నాకరుడు, చెయ్యి రేకు మీద పెడుతూ. "మధ్యలో ఒక్క గారె అయినా..."

"ఎడంచెయ్యి ఖాళీయే కదా బాబూ!" అంది పుల్లమ్మత్త. "తెస్తాలే, ఏడవకు."

కురంగి పళ్లెంలో ఉప్పు తెచ్చి అందరికీ తలా చిటికెడు పెట్టింది. ఒకే పళ్లెంలో ఉప్పు తిన్నాకే చదువు. వీరకంపనుడు విసురుగా నోట్లో వేసుకున్నాడు. రత్నాకరుడు ఇంకో చిటికెడు అడిగాడు. సుధర్ముడు ఉత్తరీయం చెరగు పట్టి అందుకుని, కళ్లకద్దుకున్నట్టు చేసి, గడ్డం చాటుగా నోటి దగ్గరికి తీసుకెళ్లాడు.

పైకప్పు గవాక్షంలోంచి ఎండ గద్దె మీద పడింది. మిట్టమధ్యాహ్నం. మంగాయవ్వ గొంతు సవరించుకుని మొదటి రేకు ఎత్తుకుంది. గోడ మీద రాగి ఝుమ్మంది.

కురంగి మిగిలిన ఉప్పులో కొంచెం దొన్నెలో పోసుకుని నేలమాళిగ మెట్లు దిగింది. బందీకి కూడా ఉప్పు లేదనకూడదని పదిహేడో రేకులోనే ఉంది. ఎనిమిదో ఏటి నుంచీ రోజూ ఆ పని తనదే. ఇరవయ్యొక్క మెట్లు. కింద గోడ, గోడలో పిడికిలి పట్టేంత కంత. అందులోంచి దొన్నె లోపలికి తోసి, పది లెక్కపెట్టి, వెనక్కి లాక్కోవడం. పోసిన ఉప్పు పోసినట్టే వస్తుంది. ఉప్పు తిన్న మూడిళ్లకూ ద్రోహం చేసినవాడికి ఉప్పు నిప్పుతో సమానం, ముట్టుకుంటే కాలుతుంది.

కింద ఎవరు ఏమడిగినా పలకొద్దని అవ్వ గట్టిగా చెప్పింది. అవ్వ చెప్పకపోయినా కురంగి పలికేది కాదు.

ఈసారి ఆరు లెక్కపెట్టేసరికి లోపలినుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయీ! ఎవరమ్మా అక్కడ?"

కురంగి కంత దగ్గరికి వంగింది. అది సుధర్ముడి గొంతు.

"పలకకు తల్లీ, పలకకు! నేను పలికే పాడైపోయాను. నిన్న పొద్దువాలే వేళ బందీని చూసి రమ్మని మా రాజుగారు నన్ను ముందుగా పంపారు. మెట్ల మీద ఉండగా నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఊఁ అన్నాను. అంతే, నా రూపం వాడికి, వాడి గోడ నాకు. నేను మేఘవాటి మంత్రి సుధర్ముణ్ణి. నమ్ము!"

నమ్మడమా! వాడు ఎన్ని గొంతులైనా మాట్లాడగలడని చిన్నప్పటి నుంచి విన్నదే కదా. కురంగి గబగబా పది లెక్కపెట్టి దొన్నె లాగింది. లాగి, వెలుగు వైపు వంచి చూసింది.

దొన్నె ఖాళీ. అడుగున ఆకు ఈనె కూడా నాకేసినట్టు శుభ్రంగా ఉంది.

"రాత్రి నుంచి తిండి లేదమ్మా," అంది ఆ గొంతు, సిగ్గుపడుతున్నట్టు. "ఇంకొంచెం ఉందా?"

ఉదయం తన పేరు మూడుసార్లు ఎవరు అడిగారో కురంగికి అప్పుడు తెలిసింది. ఇరవయ్యొక్క మెట్లు ఎన్ని అంగల్లో ఎక్కిందో తెలియదు.

పైన అవ్వ అయిదో రేకు చదువుతోంది. ముగ్గురి చేతులూ పదిహేడో రేకు మీద ఉన్నాయి. సుధర్ముడి చెయ్యి కూడా. చివరి మాట అయ్యేదాకా ఆ చెయ్యి అక్కడ ఉంటే వాడు ఇక బందీ కాదు, సంధిలో భాగస్థుడు. సంధిలో చెయ్యి వేసినవాడిని పన్నెండేళ్లు ఏ రాజ్యమూ తాకరాదు. వాడు గోడ పగలగొట్టుకుని రాలేదు. సంధి చేతే తలుపు తీయించుకుంటున్నాడు.

చదివే అవ్వ వేరే మాట ఆడకూడదు, కొత్తవాళ్ల ముందు కురంగికి మాట రాదు. కురంగి చేతి గాజులు రెండుసార్లు గోడకేసి కొట్టింది. పాఠం అప్పజెబుతూ కురంగి తప్పు చదివితే అవ్వ చేసే సైగ అది. అవ్వ చదువుతూనే తల తిప్పింది. కురంగి దొన్నె బోర్లించి చూపించింది.

ఒక్క గింజ రాలలేదు.

అవ్వ గొంతు తొణకలేదు. కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. ఆ కళ్లు ఉప్పు పళ్లెం వైపు తిరిగి, మళ్లీ కురంగి మీద నిలిచాయి.

కురంగి పళ్లెం ఎత్తి, ఉన్న ఉప్పంతా సుధర్ముడి చేతి మీద విసిరికొట్టింది.

బుస్సుమంది. కాగే పెనం మీద నీళ్లు పడ్డట్టు ఆ చేతి మీద పొగ లేచింది. తెల్లగడ్డం మైనంలా జారిపోయింది. చల్లటి చూపు స్థానంలో రెప్పలు లేని రెండు పచ్చటి కళ్లు. చెవి తమ్మెలు భుజాల దాకా వేలాడుతూ, వాటి రంధ్రాల్లోంచి నల్లటి పొగ సన్నటి తాడులా వస్తోంది.

"అమ్మ బాబోయ్!" అని రత్నాకరుడు చెయ్యి తీయబోయాడు. పుల్లమ్మత్త గారెల పళ్లెం కింద పడేసి వచ్చి, ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి నొక్కిపట్టింది. "కదిలావో, ఈ గరిటెతో నెత్తి పగలగొడతా! నీ రాజ్యం యుద్ధానికి దిగినట్టవుతుంది, తెలుసా?"

వీరకంపనుడు ఎడంచేత్తో కత్తి దూశాడు.

"నరుకు సేనానీ," అన్నాడు ధూమకర్ణుడు నవ్వుతూ. "దూతని చంపరాదు. మొదటి రేకు. ఇప్పుడే కదా చదివింది ముసలమ్మ! నన్ను నరికితే అది పోతుంది. అది పోతే మిగతావీ పోతాయి. చదువు ఆపినా పోతాయి. ఆపకుండా పూర్తి చేస్తే నేను రాయబారిని. ఏది చేసినా నాకు ఇష్టమే."

కత్తి గాలిలో ఆగిపోయింది.

"నన్ను వదిలింది ఎవరనుకున్నారు?" వాడు అవ్వ వైపు తిరిగాడు. "కిందటిసారి మోకాళ్ల సంధి చదువుతూ ఒక వాక్యం మింగేసింది మహాతల్లి. ఒక్కటే వాక్యం. రేకు కట్టులో నా మంత్రం పట్టేంత సందు దొరికింది. చాలదూ?"

అవ్వ ఏడో రేకు చదువుతూనే ఉంది. ఆమె చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి. ధూమకర్ణుడు నోరు తెరిచాడు. చెవుల్లోని పొగతాడు రెండు పాయలై, నేల మీద పాకి, అవ్వ ముక్కు దగ్గర పడగెత్తింది.

అవ్వ దగ్గింది. మాట సగంలో విరిగింది. రేకు మోత సన్నబడింది. మూడు ఒడ్ల మీదా ఏనుగులు ఒక్కసారిగా ఘీంకరించాయి.

"...మూడు రాజ్యాల దారుల్లోనూ బాటసారికి నీడ ఇవ్వవలెను..."

ఎవరు చదువుతున్నారా అని కురంగి తనే ఉలిక్కిపడింది. గొంతు తనదే. వణుకుతోంది, కానీ వస్తోంది. రేకు మళ్లీ ఝుమ్మంది. కొత్తవాళ్ల ముందు తన పేరు చెప్పలేని పిల్ల, శత్రువు కళ్లలోకి చూస్తూ ఒక్కో మాటా పలుకుతోంది.

అవ్వకి ఇప్పుడు మాట్లాడే వీలు దొరికింది. కురంగి మణికట్టు పట్టుకుని వంటింటి వైపు లాక్కుపోయింది. పొగ నేల మీద జరజరా వెంటపడింది. వాడు మాత్రం గద్దె దగ్గర నుంచి లేవలేదు, చెయ్యి తీస్తే వాడికీ నష్టమే.

"చదువుతూ విను," అంది అవ్వ, దగ్గుకీ దగ్గుకీ మధ్య. "వాడు చెప్పింది నిజమే. ఆ సేనాని తండ్రి అప్పుడు ఈ గద్దె దగ్గరే కూర్చున్నాడు. నా అంత ముసలివాడు. 'మా రాజు మోకాళ్ల మీద కూర్చుని' అన్న ముక్క వస్తుందని ముందే తల దించేసుకున్నాడు. చూడలేకపోయానే. జాలిపడి దాటేశాను. సాక్షి జాలిపడకూడదు, నేను పడ్డాను."

కురంగి చదువుతోంది. ఏడో రేకు అయిపోవచ్చింది.

"దొంగ రాయబారి వస్తే ఏం చెయ్యాలో పదిహేడోదాంట్లోనే ఉంది. చివరి మాటలోపు ఆ రాజు స్వయంగా వచ్చి చెయ్యి వెయ్యాలి. అందుకోసం అతనొక్కడు తన గడప దాటినా తప్పు లేదు. మేఘవాటి రాజు ఉత్తరపు ఒడ్డున డేరాలో ఉన్నాడు. పడవ వెనక రేవులో ఉంది. పొద్దు కుంకేసరికి రేకులు అయిపోతాయి. తొందరపడి చదవకు, ఆగకు. దారిలో ఎవరేమడిగినా రేకుల్లోని మాటలే నీ జవాబు. ఎలా ఒప్పిస్తావో నాకు తెలీదు. ఒప్పించు."

నడిమింట్లోంచి వీరకంపనుడి గొంతు వినిపించింది. వచ్చినప్పటి నుంచి అతను ఆడిన మొదటి మాట.

"పాపా! పదహారోది వచ్చినప్పుడు ఆ వాక్యం వదలకు. మా నాయన తరఫున నేను వింటాను. చదువు."

అవ్వ వంటింటి తలుపు తీసింది. ఆ ఇంటికి నాలుగో వాకిలి అదొక్కటే. చిన్నది, ఏ రాజ్యం వైపూ చూడనిది. దానికి రాగి గడప లేదు, చెక్క గడప. రాగి గడపల్ని పొగ దాటలేదు. దీన్ని దాటగలదు. లోపలి నుంచి ఎవరో ఒకరు తలుపు వేసి, గడియ పెట్టి, దాన్ని వీపుతో కాయాలి.

ఆ సంగతి కురంగికి అవ్వ చెప్పకుండానే తెలిసింది.

ఎనిమిదో రేకు మొదలైంది. "పడిపోయినవాడు ఎవరివాడైనా దాహమంటే నీళ్లివ్వవలెను," అని చదువుతూ కురంగి అవ్వ చెయ్యి వదల్లేదు. రెండు చేతులా పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

పొగ వంటింటి గడప దాటి అవ్వ పాదాలకు చుట్టుకుంది. అవ్వ మోకాళ్లు వంగాయి. పొయ్యి దగ్గర మిగిలిన గారె ఒకటి తీసి కురంగి కొంగున ముడివేసింది. తర్వాత బలమంతా కూడదీసుకుని మనవరాలిని బయటికి నెట్టింది.

కురంగి వెనక్కి తూలి మెట్ల మీద పడింది. లేచి తలుపు దగ్గరికి ఉరికింది. ఆమె నోరు ఎనిమిదో రేకునే పలుకుతోంది. "గాయపడినవానిని విడిచి పోరాదు. శత్రువైనను విడిచి పోరాదు." తలుపు సందులోంచి అవ్వ ముఖం సగం కనిపిస్తోంది. అవ్వా అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి పిలవాలని కురంగి ప్రాణం కొట్టుకుంది. ఆ మాట పదిహేడు రేకుల్లో ఎక్కడా లేదు.

అవ్వ తలుపు మూసింది. లోపల గడియ పడింది.